మంత్రిగారూ, నా గుడ్డ ఎన్ని మీటర్లో మళ్లీ అడగనీయకండి

చేనేత, జౌళి శాఖ మంత్రిగారికి,

విశాఖపట్నం, మధురవాడ నుంచి మగ్గం నేసే ఒక మనిషి నమస్కరించి రాస్తున్నది.

నేతన్న భరోసా పథకం గురించో, మగ్గాలకిచ్చే 200 యూనిట్ల ఉచిత కరెంటు గురించో అడగడానికి కాదు ఈ ఉత్తరం. వాటి సంగతి మీకు తెలుసు. నా గొడవ చిన్నది. చిన్నది కాబట్టే కాబోలు, మూడు అర్జీలు పెట్టినా ఎవరి కంటికీ ఆనలేదు.

మాది పొందూరు నుంచి వచ్చిన నేత కుటుంబం. అమ్మమ్మ వాలుగ చేప దవడతో పత్తి దువ్వేది. నాన్న గుంటమగ్గం మీద పంచెలు నేశారు. నేను పంచెలూ చీరలూ నేయను. నాకు దుఃఖమొచ్చినా కోపమొచ్చినా అది పోగుల్లోకి ఎలా దిగితే అలా నేస్తాను. గోడకు వేలాడదీసేవి అవి. నాన్న పోయాక పదకొండు అడుగుల గుడ్డ ఒకటి నేశాను. ఆయన ఆసుపత్రిలో ఉన్న 19 రోజులకు 19 చోట్ల అడ్డంగా పేక పోగు వేయకుండా వట్టి నిలువు పడుగు పోగులే వదిలాను. ఆయన తువ్వాళ్లు చీల్చి పేకగా వాడాను. 7 నెలలు పట్టింది.

ప్రదర్శనలో చోటివ్వమనీ, చుట్టలుగా దొరికే చిలప నూలు మీద వచ్చే 15 శాతం రాయితీ నాకూ ఇప్పించమనీ ఆ గుడ్డను చుట్టి ఆటోలో వేసుకుని ఒక ఆఫీసుకు వెళ్లాను. బల్ల మీద పరిచి టేపు పెట్టి కొలిచారు. చీరా, దుప్పటా అని అడిగారు. రెండూ కాదన్నాను. వట్టి పడుగు ఉన్నచోట వేలు పెట్టి, "ఇదేటమ్మా, నేత విడిపోయింది? డ్యామేజీ సరుకు కదా" అన్నారు. ఆ వేలు నాన్న మంచం మీదున్న పన్నెండో రోజు మీద ఉంది. చెబుదామనుకున్నాను. వెనక జనం నిలబడి ఉన్నారు. చివరికి ఫారంలో "ఇతరములు" అని రాసి, ధర దగ్గర ఒక గీత గీశారు.

కళల సంగతి చూసే ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు. పోయాను. అక్కడి ఫారంలో చిత్రలేఖనం ఉంది, శిల్పం ఉంది. "గుడ్డలకు చేనేతవాళ్లు ఉన్నారు కదమ్మా" అన్నారు. మళ్లీ మొదటి ఆఫీసు. మగ్గంలో పేక పోగు మోసే నాడె అటూ ఇటూ తిరిగితే తిరిగినప్పుడల్లా ఒక పోగైనా పడుతుంది. నేను తిరిగినందుకు జిరాక్సు ఖర్చు మిగిలింది.

మూడో అర్జీకి మాత్రం ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, అర్జీ పరిష్కరించబడిందని. ఏం పరిష్కరించారో నాకు తప్ప అందరికీ తెలిసినట్టుంది.

ఇదేదో నా ఒక్కదాని పిచ్చి అనుకోకండి. జపాన్‌లో మిసావో జో అనే ఆవిడ నేతలో ఒక పడుగు పోగు తప్పిపోతే, అది లోపమని నేత తెలిసినాయన తేల్చేశాడు. ఆవిడకు అదే అందంగా కనిపించి, కావాలనే పోగులు వదిలి నేసింది. సావోరి నేత అలా పుట్టింది. ఆనీ ఆల్బర్స్ అనే నేత కళాకారిణి పనికి న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం 1949లోనే ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. మనకు ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం ఉంది. వేదిక మీద మగ్గం పెడతారు, పెద్దలు నాడె పట్టుకుని ఫొటో దిగుతారు, శాలువా కప్పుతారు. ఆ శాలువా కూడా ఒక్కోసారి పవర్‌లూమ్‌దే. పోనివ్వండి, పండగపూట ఎందుకు.

నేను కోట్లు అడగడం లేదు. ఆ ఫారంలో నేతకళకు ఒక గడి పెట్టించండి. ఇంత పెద్ద బీచ్ రోడ్డులో ఏడాదికి పది రోజులు ఒక గోడ ఇప్పించండి. అదీ కుదరకపోతే, డ్యామేజీ అనే ముందు ఇది ఎందుకిలా నేశావమ్మా అని ఒక్కసారి అడగమని మీవాళ్లకు చెప్పండి. అసలు మీరే ఒకసారి చూస్తే బాగుంటుంది, దయచేసి.

ఆ గుడ్డ ఇప్పుడు నాన్న పాత లుంగీలో చుట్టి బీరువా మీద ఉంది. వానలకు చెమ్మ పడుతోంది. వచ్చే సోమవారం నాలుగో అర్జీతో పాటు తెస్తాను. పదకొండు అడుగులు పట్టే బల్ల ఒకటి వేయించండి.

ఇట్లు,
"ఇతరములు" కింద చేరిన ఒక నేతకళాకారిణి