ఏడేళ్ల గడువు, ఎనిమిదేళ్ల బండి

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. మాది ఒడిశాలోని కొరాపుట్ జిల్లా, పొట్టంగి దగ్గర. ఇంట్లో తెలుగు, సంతలో దేశియా, ఆఫీసుల్లో ఒడియా మాట్లాడుకుంటూ బతికేవాళ్లం. 2015లో కిస్తీల మీద కొత్త పికప్ కొన్నాను. కుందులి సంతలో అల్లం, క్యాబేజీ ఎక్కించుకుని, సుంకి ఘాట్ దిగి సాలూరు, విజయనగరం చేర్చడం నా పని. కంపెనీ పేరు రాయను.

ఇంజన్‌ని ఒక్క మాట అనలేను. చలికాలం పొద్దున కూడా ఒక్క సెల్ఫ్‌కే లేస్తుంది. క్లచ్ ప్లేట్లు, బరువు మోసే కమాన్ పట్టీలు అంటారా, ఘాట్ ఎక్కే బండికి అవి కాళ్ల చెప్పుల్లాంటివి. అరుగుతాయి, మారుస్తాం.

2023లో వానలు తగ్గాక బండి కడుగుతుంటే వెనక కమాన్ బ్రాకెట్ పక్కన, ఛాసిస్ (బండి అడుగు చట్రం) మీద సన్నటి తుప్పు గీత కనబడింది. గుడ్డతో తుడిచాను, పోలేదు. గోటితో గీస్తే గోరు దిగబడింది. ఆ పగులుతో ఎన్నిసార్లు ఘాట్ దిగానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. సర్వీస్ సెంటర్‌లో వంగి చూడకుండానే ‘ఓవర్‌లోడ్’ అనేశారు. వేశాను, అబద్ధం ఎందుకు? అల్లానికి ధర పలికిన వారం నాలుగు బస్తాలు ఎక్కువ వేయని వాడెవడు? కానీ సాలూరు షెడ్డులో ప్లేటు పెట్టి వెల్డింగ్ చేసిన మేస్త్రీ, ‘ఇదే మోడల్, ఇదే చోటు, ఈ ఏడాది ఇది మూడో బండి’ అన్నాడు. ఇందులో లోడు తప్పెంత, ఇనుము తప్పెంత అన్నది ఎవరు తేల్చాలి?

2019లో మోటారు వాహనాల చట్టంలో 110ఎ సెక్షన్ చేర్చారు. ప్రమాదం తెచ్చే లోపం ఉంటే బండ్లను కంపెనీ వెనక్కి పిలిచి సరిచేయాలని ఆదేశించే అధికారం కేంద్రానికి వచ్చింది. 2021 నుంచి అమల్లో ఉంది. మంచి పనే. కానీ తయారై ఏడేళ్లు నిండని బండ్లకే అది వర్తిస్తుంది. రవాణా బండికి ఎఫ్‌సీ, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని చూసి ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, చూస్తే మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, తర్వాతే ఏటా. అంటే మీవాళ్లు ఏటేటా బండి కిందకి వంగి చూసే రోజు వచ్చేసరికి, లోపం ఉందని చెప్పుకునే గడువు తీరి ఏడాది అవుతుంది. నా పికప్ సరిగ్గా ఆ సందులో పడింది.

సొంత కారైతే ఏడేళ్లకు మార్చేసేవాళ్లు ఉంటారు. మాకు కిస్తీలు తీరాకే కదండీ నాలుగు రాళ్లు మిగిలేది! సరకు బండ్లకైనా ఆ గడువు పెంచండి. ఏ మోడల్ ఎన్నో ఏట ఎక్కడ పగులుతోందో ఎఫ్‌సీల నుంచే లెక్క తీసి అందరికీ కనబడేలా పెట్టండి.

మా బావమరిది ఇదే మోడల్, ఆరేళ్ల పాతది, బేరమాడి వచ్చి నన్ను సలహా అడిగాడు. ప్రస్తుతానికి ఒక గుడ్డ చేతికిచ్చి, కమాన్ బ్రాకెట్ పక్కన తుడిచి చూసి రమ్మన్నాను.

ఇట్లు,
ఒక పికప్ యజమాని,
పొట్టంగి, కొరాపుట్ జిల్లా