పాతవి ఏం చేశారో చెప్పాకే కొత్త సీసాలు

సంపాదకుడు గారికి,

ఉద్దానం కిడ్నీ రోగుల రక్తం, మూత్రం, బయాప్సీ ముక్కలు దాచడానికి టిష్యూ బ్యాంకు కావాలన్న వార్త మీ జిల్లా పేజీలో పోయిన వారమే చదివాను. కొబ్బరి దింపుల హడావుడిలో రాయడానికి ఇవాళ్టికి కుదిరింది. పెట్టండి బాబూ, కాదన్నదెవరు? ఇన్నాళ్లూ మా ఊళ్ల నుంచి పట్టుకెళ్లినవన్నీ ఏమయ్యాయో అది ముందు చెప్పండి.

ఎన్ని పరిశోధన బృందాలు వచ్చాయో లెక్కపెట్టడం మానేశాం. ఒకసారి మా అరుగు మీదే కూర్చుని నమూనాలు తీశారు. సీసాలకు చీటీలు అంటించి, ఐసు వేసిన థర్మకోల్ పెట్టెలో పెట్టారు. సాయంత్రానికి ఐసు కరిగి చీటీలు ఊడి నీళ్లలో తేలుతున్నాయి. పాపం ఆ కుర్రాడు ఒక్కొక్కటీ తీసి, చొక్కాకి తుడిచి, గుర్తున్నంతలో మళ్లీ అంటించాడు! ఏది ఎవరిదో ఆ దేవుడికే తెలియాలి. మా చిన్నాన్న ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర వేశాడు. రిపోర్టు ఆయన డయాలసిస్‌కి ఎక్కినప్పుడూ రాలేదు, పోయాకా రాలేదు. అర్థమయ్యే భాషలో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలని, వద్దనుకుంటే మధ్యలో మానుకోవచ్చని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లోనే ఉంది. అవి కూడా ఇంగ్లీషులో ఉన్నాయి కాబట్టి మాకు తెలియదనుకున్నారేమో.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు, సంతోషం. కానీ బ్యాంకు నడపడం వేరు. నమూనాలు మైనస్ 80 డిగ్రీల్లో ఏళ్ల తరబడి ఉండాలి, ఒకసారి కరిగి మళ్లీ గడ్డకడితే చూడాల్సిన ప్రొటీన్లే చెడిపోవచ్చు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు సెల్‌ఫోన్ ఛార్జింగుకే జనరేటర్ దగ్గర డబ్బులిచ్చి క్యూ కట్టిన ఊళ్లండీ ఇవి. ఆ ఫ్రీజర్ల జనరేటరుకు డీజిల్ బిల్లు ఎవరు పాస్ చేస్తారు? మా దగ్గర ఒక ఆఫీసులో ఇన్వర్టర్ బ్యాటరీ పోతే ఏడాదిగా ఫైలు నడుస్తూనే ఉంది, పెద్దసారు వస్తున్నారంటే మాత్రం గోడలకు సున్నం ఒక్క రాత్రిలో పడుతుంది.

కడుపు మండేది దేనికంటే, 1990ల నుంచీ ఈ జబ్బు గోలే కదా. నీళ్లంటారు, సిలికా అంటారు, పురుగుమందులంటారు, ఎండలో పని అంటారు, ఫలానా అని తేల్చినవారు లేరు. అప్పటి నుంచీ జబ్బున్నవాళ్లవీ లేనివాళ్లవీ కూడా, ఊరు, వయసు, తాగే బావితో సహా రాసి ఒక్కచోట దాచి ఉంటే, కొత్త పరీక్ష వచ్చినప్పుడల్లా తీసి చూసుకునేవారు. బెంగళూరులో మెదడు, నరాల జబ్బులు చూసే నిమ్హాన్స్ ఆసుపత్రిలో మనుషుల మెదళ్లను 1995 నుంచీ దాస్తున్నారు, మన మూత్రం సీసాలకు ఆ మాత్రం భాగ్యం లేదు.

బ్యాంకు పెడితే, నమూనా తీసుకున్న రోజే నంబరు వేసిన చీటీ ఒకటి మా చేతిలో పెట్టమనండి. పోయిన నెల మళ్లీ ఎవరో పెట్టె పట్టుకుని వస్తే, మా పిన్ని "పాతవి ఏం చేశారో చెప్పి కొత్తవి అడగండి" అని తలుపేసేసింది.

- ఒక కొబ్బరి రైతు, కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా