ఫార్మ్‌డీ విద్యార్థులను పీహెచ్‌సీలకూ పంపాలి

సంపాదకులకు నమస్కారం.

నేను అనంతపురం జిల్లా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో (పీహెచ్‌సీల్లో) ఫార్మసిస్టుగా పనిచేసి విరమణ చేసినవాణ్ణి. విరమణకు ముందు ఏడాది, సుగర్ మాత్రల కోసం వచ్చిన ఒక ముసలమ్మ చీటీ వెదుక్కుంటూ తన గుడ్డసంచిని మందుల కిటికీ గట్టు మీద బోర్లించింది. మేమిచ్చిన గ్లిమిపిరైడ్ అట్ట పక్కనే, పట్నంలో ప్రైవేటు డాక్టరు రాసిన మరో అట్ట ఉంది. పేరు వేరు, రంగు వేరు. వెనక సన్నని అక్షరాలు చదివితే అదీ గ్లిమిపిరైడే, మెట్‌ఫార్మిన్‌తో కలిపినది. ఆమె రెండూ మింగుతోంది. సుగర్ మరీ పడిపోయి చెమటలు పట్టి కళ్లు తిరుగుతుంటే వయసు మీద పడిందని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకున్నారు. డాక్టరు గారికి చూపిస్తే వెంటనే ఒకటి ఆపించారు. సంచి బోర్లించకపోయి ఉంటే నాకూ తెలిసేది కాదు. స్టాకు రిజిస్టరు, ఇండెంటు, గడువు తేదీలు నేర్చుకున్నాను గానీ, ‘ఇంకేం మందులు వాడుతున్నావమ్మా’ అని ప్రతి ఒక్కరినీ అడగడం నాకెవరూ నేర్పలేదు.

అది నేర్పే చదువు మన దేశంలో 2008లో ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) పేరుతో వచ్చింది, అనంతపురంలోనూ ఉంది. ఐదేళ్ల చదువు తరువాత ఆరో ఏడు ఇంటర్న్‌షిప్. అయితే నిబంధనల ప్రకారం అది చేసే ఆసుపత్రికి కనీసం 300 పడకలుండాలి. ఆరు నెలలు జనరల్ మెడిసిన్‌లో, తక్కిన ఆరు నెలలు మరో మూడు విభాగాల్లో రెండేసి నెలల చొప్పున పనిచేయాలి. వార్డులో పడుకున్న రోగి నర్సు చేతికిచ్చిన మాత్ర మింగుతాడు, ఏ పూట ఏది మింగాడో కేస్ షీటులో ఉంటుంది. పల్లెలో రోగి నెల మాత్రలు మూటకట్టుకుని వెళ్లాక ఏం జరుగుతుందో ఎవరికీ కనిపించదు. వేరుశనగ పీకే రోజుల్లో తెల్లవారుజామున సుగర్ మాత్ర వేసుకుని, పది దాటేదాకా ముద్ద ముట్టని కూలీలుంటారు. పరగడుపున వేసుకోవలసిన థైరాయిడ్ మాత్రను క్యాల్షియం బిళ్ళతో కలిపి మింగేవారుంటారు. మోకాళ్ల నొప్పికి అంగట్లో అడిగి కొనుక్కున్న డైక్లోఫెనాక్ రక్తపోటును పెంచుతుందని, మూత్రపిండాలకు చేటు చేస్తుందని తెలియనివారి సంగతి చెప్పనక్కరలేదు.

ఇంగ్లండులో 2015లో కుటుంబ వైద్యుల క్లినిక్కుల్లో ఫార్మసిస్టులను నియమించే పథకం మొదలైనప్పుడు, వారికి పని చేస్తూనే ఏడాదిన్నర పాటు ప్రత్యేక శిక్షణ ఇచ్చారు. పెద్దాసుపత్రిలో నేర్చినది క్లినిక్కులో ఉన్నదున్నట్టుగా పనికిరాదన్న ఎరుక అందులో ఉంది. మనం అంత దూరం పోనక్కరలేదు. మూడు విభాగాల్లో ఒకదానికి బదులు ఆ రెండు నెలలూ పీహెచ్‌సీలో, మెడికల్ ఆఫీసరు పర్యవేక్షణలో గడిపేలా ఫార్మసీ కౌన్సిల్ నిబంధన సవరిస్తే చాలు. మందు మార్చే అధికారం డాక్టరుదే. తేడా కనిపెట్టి ఆయన దృష్టికి తేవడమే విద్యార్థి పని. మందుల వాడకం గురించి రోగికి వివరించి చెప్పడం ఫార్మసిస్టు బాధ్యతేనని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు ఎటూ చెబుతున్నాయి.

ఒక్క భయం మాత్రం ఉంది. మా కేంద్రాల తీరు తెలిసినవాణ్ణి కనుక చెబుతున్నాను: వచ్చిన పిల్లలను కిటికీ దగ్గర బిళ్ళలు లెక్కపెట్టడానికి కూర్చోబెడితే ఆ రెండు నెలలూ దండగే. సుగర్, బీపీ రోగులు వచ్చే రోజున విద్యార్థులకు వేరే బల్ల వేసి, ఇంట్లో ఉన్న మందులన్నీ సంచితో సహా తెమ్మని రోగులకు ముందు రోజే ఆశా కార్యకర్తల చేత చెప్పించాలి.

— ఒక విశ్రాంత ఫార్మసిస్టు, అనంతపురం