సుంకి ఘాట్‌లో మా బండిని నిలబెట్టిన వాళ్లకు

ఒడిశాలోని పొట్టంగి నుంచి ఆంధ్రలోని సాలూరు వైపు దిగే 26వ నంబరు జాతీయ రహదారి మీద మా క్యాంపర్ వ్యాన్ బ్రేకు పెడల్ అడుగంటిపోయిన మధ్యాహ్నం, చెయ్యందించిన నలుగురికి ఈ దండాలు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. అడగకుండానే లారీ పక్కకు తీసి మా చక్రాల ముందు రాళ్లు పెట్టిన డ్రైవరన్న, ఆయన క్లీనరు తమ్ముడు, సెమిలిగూడ నుంచి బైకు మీద రెండు బ్రేక్ ఆయిల్ డబ్బాలతో వచ్చిన మెకానిక్ బాబాయ్, రెండు రాత్రులు కొట్టు పక్కన చోటిచ్చి బోరు నీళ్లిచ్చిన టీకొట్టు అప్ప (అక్క). కూలి తీసుకున్నారు గానీ టిప్పు తీసుకోలేదు బాబాయ్. "చెప్పింది నలుగురికీ చెప్పండి, చాలు" అన్నారు. చెబుతున్నాం.

ముందు డ్రైవరన్న పనితనం. బండి ఆగీ ఆగగానే హ్యాండ్‌బ్రేకు పూర్తిగా లాగబోతే వద్దన్నారు. వెనక డ్రమ్ములు ఎర్రగా కాలి ఉన్నప్పుడు గట్టిగా బిగిస్తే, చల్లారేటప్పుడు డ్రమ్ము దగ్గరపడి లైనర్లను పట్టేస్తుంది. రాళ్లు పెట్టి, దిగుడు కాబట్టి రివర్స్ గేరులో వదిలేయించారు. ఎక్కుడులో అయితే ఫస్ట్ గేరు. డిస్కుల మీద నీళ్లు చల్లబోయిన వాళ్లనూ ఆపారు. కాలిన ఇనుము మీద చన్నీళ్లు పడితే డిస్కు వంకరపోతుంది, పగిలినా పగులుతుంది. ముప్పావు గంట అలా గాలికి వదిలేయడమే మందు.

ఆ ముప్పావు గంట తర్వాతే అసలు మోసం మొదలవుతుంది. పెడల్ మళ్లీ గట్టిపడింది. ఏమీ జరగనట్టే ఉంది. అక్కడే "బాగయింది, పదండి" అనుకుంటే కింద మలుపులో మళ్లీ అదే పెడల్ అడుగంటేది. బాబాయ్ తేల్చిందేమిటంటే, తప్పు డిస్కును పట్టి ఆపే ప్యాడ్లది కాదు, బ్రేక్ ఆయిల్‌ది. ప్యాడ్లు కాలిపోతే పెడల్ గట్టిగానే ఉంటుంది, తొక్కినా బండి ఆగదు, వాసన వస్తుంది. ఆయిల్ మరిగితే లైన్లో ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్ నలగదు, ఆవిరి నలుగుతుంది, అందుకే పెడల్ మెత్తగా కిందికి పోతుంది. చల్లారగానే ఆవిరి మళ్లీ నీరై, పెడల్ దానంతటదే తేరుకుంటుంది. తేడా తెలియక కొత్త ప్యాడ్లు వేయించుకుని మళ్లీ ఘాట్ దిగిన బండ్లున్నాయట.

ఎందుకు మరుగుతుంది? బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మూత సందుల్లోంచీ రబ్బరు హోసుల్లోంచీ. కొత్త డాట్ 4 రకం ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకుండా ఆగాలి. సుమారు 3.7 శాతం నీరు కలిస్తే ఆ హద్దు 155కు పడిపోతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. జైసల్మేర్ లాంటి ఎండు ఇసుక ప్రాంతంలో తిరిగినన్నాళ్లు అంతగా పాడవదు. కోరాపుట్ కొండల మంచులో, వానలో రెండు సీజన్లు గడిపిన బండికి ఆయిల్ మార్చడానికి రెండేళ్ల గడువు కూడా ఎక్కువే. పాత ఆయిల్ కాఫీ డికాక్షన్ రంగులో వచ్చింది. కొత్తది లేత పసుపు.

ఆయిల్ మార్చిన తీరు చెబుతాం, ఇంట్లో చేసుకోగలిగిన పనే. సీలు విప్పని అర లీటరు డబ్బాలు రెండు, పారదర్శకమైన సన్న ట్యూబు, సీసా, చక్రం దగ్గర ఆయిల్ వదిలే నిపుల్‌కు సరిపడే రింగు స్పానరు (మామూలు స్పానరుతో తిప్పితే నిపుల్ మూలలు అరిగిపోతాయి, తర్వాత అదో తలనొప్పి). మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ తొక్కితే ఆయిల్‌ను లైన్లలోకి నెట్టేది) దూరంగా ఉన్న చక్రంతో మొదలు. మన బండ్లలో సాధారణంగా వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, చివరికి ముందు కుడి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, రెండోవాళ్లు నిపుల్ పావు చుట్టు వదిలి, ఆయిల్ రాగానే బిగించాలి, ఆ తర్వాతే పెడల్ మీంచి కాలు తీయాలి. ఈ వరస తప్పితే గాలి లోపలికి పోతుంది, పని మొదటికొస్తుంది. అయిదారు తొక్కుళ్లకోసారి మాస్టర్ సిలిండర్ పైనున్న ఆయిల్ డబ్బాలో మట్టం చూసి నింపాలి. అది ఖాళీ అయితే మళ్లీ నాలుగు చక్రాలూ మొదలెట్టాల్సిందే. ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి. మిగిలిన సగం డబ్బా దాచుకోవద్దు, మూత విప్పింది మొదలు తేమ పీలుస్తూనే ఉంటుంది.

బండి బరువు కూడా బ్రేకుల మీదే పడుతుంది. ఆ సంగతి అప్ప అడిగిన మాటతో బయటపడింది: "ఇంత నీళ్లు మోసుకుని ఎందుకు దిగుతున్నారు బాబూ, కింద దొరకవా?" ట్యాంకులో 120 లీటర్లు, అంటే 120 కిలోలు. దిగే ముందు సగానికి దించాం, మంచాల కింద సామాను కూడా కొంత.

ఇక గేరు. న్యూట్రల్ మాటే వద్దు. ఇంజన్ ఆపితే తొక్కుడుకు బలం కలిపే బ్రేకు బూస్టరూ పవర్ స్టీరింగూ కూడా పోతాయి. ఎక్కేటప్పుడు ఏ గేరో దిగేటప్పుడూ అదే గేరు, అదీ మలుపు రాకముందే వేసుకోవాలి. దిగుడులో డీజిల్ ఇంజన్ పెట్రోలు ఇంజనంత గట్టిగా బండిని పట్టి ఉంచదు, అందుకని ఒక గేరు కిందికే ఉంచుకోవడం మేలు. బ్రేకును ఆనించి ఉంచకుండా, వేగాన్ని గంటకు 35 కిలోమీటర్ల నుంచి 20కి గట్టిగా దించి పూర్తిగా వదలాలి. మళ్లీ పెరిగాక మళ్లీ. కాలు ఆనించే అలవాటే ఆయిల్‌ను మరిగించేది.

అప్ప తెలుగు, ఒడియా, కోరాపుట్ కొండల్లో మాట్లాడే దేశియా మూడూ ఒకే వాక్యంలో కలిపి మాట్లాడుతుంది. దారి వివరాలూ ఆమే చెప్పింది. గురువారం ఒనుకుడెల్లి సంత, బుధవారం చాటికొన సంత, అక్కడ మనుషుల ముఖాల మీద కెమెరా పెట్టొద్దని గట్టిగా చెప్పింది. డియోమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో ఎత్తైన శిఖరం, పొద్దున్నే మంచు విడిచాక వెళ్లమంది. కాలాజీరా బియ్యం రెండు కిలోలు డబ్బులిచ్చి కొన్నాం, ఇంకో గుప్పెడు ఊరికే పోసింది.

చక్రాలకు పెట్టడానికి టేకు దిమ్మలు నాలుగు చేయించి, రెండు మా బండిలో ఉంచుకున్నాం. మిగతా రెండూ ఆమె కొట్టు వెనక గోడకు ఆనించి ఉన్నాయి. ఘాట్‌లో ఎవరి బండి ఆగినా అడిగి తీసుకోండి, పని అయ్యాక తిరిగి అక్కడే పెట్టండి.