ఏటికి ఎర్రనీరొచ్చే వేళ

ఒరేయ్ రాజూ,

కులాసాయేనా? మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి పిల్లల గోలలో సరిగ్గా చెప్పలేకపోయాను. చెరువు బొచ్చె, ఏటి బొచ్చె ఒకటే కదా, సంతలో ఆ ధర తేడా ఏటని కదూ నీ వాదన? రుచి మాట వదిలెయ్. వాటి పుట్టుకే వేరురా.

బొచ్చె, శీలావతి, మోసు నిలవ నీటిలో ఎంత బలిసినా వాటంతట అవి గుడ్లు పెట్టవు. కిలో శీలావతి పొట్టలో రెండు లక్షల పైచిలుకు గుడ్లుంటాయి, అయినా వదలదు. వరద కావాలి దానికి. ఆరుద్ర కార్తెలో రాయగడ కొండల్లో కుండపోత పడి నాగావళి ఎర్రగా దిగుతుంది చూడు, నీరు చల్లబడి గట్టు పక్క గడ్డి పల్లాలు మునుగుతాయి, అప్పుడు ఎదురెక్కుతాయి. ఆ పల్లాల్లో ఆడదాని వెనక మగవి పడి నీళ్లు చిలికేస్తాయి. గుడ్లు గడ్డికి అంటుకోవు, నీటితో దొర్లిపోతాయి. 14 నుంచి 18 గంటల్లో పిల్ల బయటికొచ్చేస్తుంది.

మరి చెరువులకి పిల్లలెక్కడివంటావా? పూర్వం వరద నీటికి సన్నకంటి వలలు కట్టి పట్టేవారు. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలీకున్హి కలిసి చేప తలలోని పిట్యూటరీ గ్రంథి రసం తీసి, సూదేసి గుడ్లు పెట్టించారు. మత్స్య రైతుల దినోత్సవం ఆ రోజునే జరిపేది అందుకే. నీ పళ్లెంలోకొచ్చే బొచ్చెకి వరదంటే ఒక సూదిమందు!

పరిగెలు, మార్పులు అంత దూరం పోవు. మదుముల్లోంచి, గెడ్డల్లోంచి వరి నాట్లేసే ఉబాల మళ్లలోకి ఎక్కేసి అక్కడే గుడ్లు పెడతాయి. కొర్రమీను ఎక్కడికీ పోదు, గూడు కట్టి పిల్లల్ని కాస్తుంది. దాని సంసారం దానిది.

నాకు ఒళ్లు మండేది ఆనకట్ట దగ్గర. తోటపల్లి గానీ, నారాయణపురం గానీ, ఎదురెక్కే చేపకి అడ్డం గోడే కదా. గోడ కింద గుంపుగా చేరితే మనవాళ్లు విసురు వలలతో కాచుకునుంటారు. గుడ్ల చేపకి గిరాకీ మరి! గుడ్ల వేపుడు నాకూ ఇష్టమే, కాదనను. కానీ సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపుతున్నాం కదా, ఏటికి తొలి వరదలప్పుడు ఆనకట్ట కిందనైనా వలలు ఆపలేమా? గంగ మీద 1975లో ఫరక్కా బరాజ్ వచ్చాక, అలహాబాదు దాకా ఎక్కే పులస జాతి చేప ఎగువన దాదాపు కనబడకుండా పోయింది. అక్కడ వలల కన్నా గోడే ఎక్కువ కొట్టింది. మన గోడలు ఎలాగూ తియ్యలేం, వలల సంగతైనా మన చేతిలో ఉంది.

శ్రావణంలో వస్తానన్నావు, అంత ఆలస్యం చెయ్యకు. తొలి పోటు తగ్గితే చూడ్డానికేటీ ఉండదు. టార్చి తెచ్చుకో, పాత చెప్పులు వేసుకో, గట్టంతా బురద. అత్తకి నా నమస్కారాలు చెప్పు.

నీ
శ్రీను