ఫొటో పంపడం వేరు, ఫైలు పంపడం వేరు

సంపాదకులు గారికి,

నమస్కారం. కొత్త ఫోను తీసుకున్నవారు పాత ఫోనులోని ఫొటోలను అందులోకి ఎలా మార్చుకోవాలో చెబుతూ పత్రికల్లోని సాంకేతిక శీర్షికల్లో తరచు సలహాలు వస్తుంటాయి. వాటిలో యాప్‌ల పేర్లు ఉంటాయి, ఎక్కడ నొక్కాలో ఉంటుంది, ఎంతసేపు పడుతుందో ఉంటుంది. ఆ దారిన వచ్చినది అసలు ఫొటోయేనా, దాన్ని చూసి మధ్యలో ఎవరో మళ్లీ తయారుచేసిన చిన్న ప్రతా అన్న సంగతి మాత్రం చాలాసార్లు ఉండదు. ఫొటోలను పెద్దవి చేసి అచ్చు వేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నవాడిని కనుక ఆ లోటు ఎవరిని ఎక్కడ దెబ్బ తీస్తుందో కళ్లారా చూస్తున్నాను. అందుకే ఈ లేఖ కొంచెం పొడుగైనా మన్నించి ప్రచురించగలరు.

ఈ మధ్య ఒక పెద్దాయన వచ్చి, కొత్త ఫోను తెరిచి, గతించిన భార్య ఫొటో చూపించారు. "మా ఇంటావిడది ఇదొక్కటే బాగా వచ్చింది బాబూ, గోడకు పెట్టుకునేంత పెద్దది చేసి ఇవ్వు" అన్నారు. ఫోను తెర మీద అది చక్కగానే ఉంది. కంప్యూటరులో వేసి పెద్దది చేసి చూస్తే కనుబొమ్మల్లో వెంట్రుకలు విడివిడిగా లేవు, బొగ్గుతో గీసి వేలితో అలికినట్టున్నాయి. చెవి దుద్దులోని రాయి చుట్టూ చిన్న చిన్న గళ్లు తేలాయి. నుదుటికీ జుట్టుకూ మధ్య ఉండవలసిన సన్నని అంచు మెట్లుమెట్లుగా విరిగి ఉంది. వివరాలు తీసి చూస్తే, 12 మెగాపిక్సెళ్ల (మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు) కెమెరాతో తీసిన ఆ ఫొటోలో 2 మెగాపిక్సెళ్లు కూడా మిగల్లేదు. "అసలుది పాత ఫోనులో ఉందాండీ?" అని అడిగాను. మనవడు ఫొటోలన్నిటినీ ఒక సందేశాల యాప్ ద్వారా కొత్త ఫోనుకు పంపాడనీ, అన్నీ వచ్చాయని చూసుకున్న తరువాతే పాత ఫోనును పూర్తిగా చెరిపి మార్పిడి కింద ఇచ్చేశారనీ చెప్పారు. అన్నీ వచ్చిన మాట నిజమే, లెక్కకు ఒక్కటీ తగ్గలేదు.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. జిరాక్సు మీద జిరాక్సు తీస్తే అక్షరాలు మసకబారినట్టు, ఫొటో ఒక ఫోను నుంచి మరొక ఫోనుకు వెళ్లే కొద్దీ దానంతట అదే అరిగిపోతుందని అనుకుంటారు. అది నిజం కాదు. ఫోనులోని ఫొటో అంటే అంకెల వరుస. ఆ అంకెలను ఉన్నవి ఉన్నట్టు మరొక చోట రాసుకుంటే నూరవ ప్రతి కూడా మొదటి దానితో అక్షరం పొల్లుపోకుండా సమానంగా ఉంటుంది. నష్టం జరిగేది ప్రయాణంలో కాదు, దారిలో ఎవరైనా ఆ ఫొటోను విప్పి, కుదించి, కొత్తగా మళ్లీ మూట కట్టినప్పుడు. మన ఫొటోల్లో ఎక్కువ భాగం ఉండే జేపెగ్ పద్ధతి 1992లో ప్రమాణంగా వచ్చింది. అది బొమ్మను నిలువున 8, అడ్డంగా 8 చుక్కలుండే గళ్లుగా కోసి, ఒక్కొక్క గడిలో కంటికి అంతగా ఆనని సన్నని వివరాలను వదిలేసి, మిగిలినదాన్ని దాచుకుంటుంది. కెమెరా ఒకసారి ఇలా చేస్తే మనకు తేడా తెలియదు. అదే ఫొటోను ఇంకొక యాప్ విప్పి, చుక్కల సంఖ్య తగ్గించి, ఇంకా గట్టిగా నొక్కి మళ్లీ దాస్తే మాత్రం ఆ గళ్ల అంచులు బయటపడతాయి. నేను ఆ దుద్దు చుట్టూ చూసిన గళ్లు అవే. ఒకసారి వదిలేసిన వివరం ఆ ప్రతిలోకి ఇక తిరిగి రాదు.

ఫోను తెర చిన్నది కావడం వల్ల ఈ సంగతి ఏళ్ల తరబడి బయటపడదు. 12 మెగాపిక్సెళ్ల ఫొటోలో సాధారణంగా పొడవున 4032, వెడల్పున 3024 చుక్కలు ఉంటాయి. అచ్చులో మంచి నాణ్యతకు అంగుళానికి 300 చుక్కలు కావాలని మా పనిలో లెక్క. ఆ లెక్కన అసలు ఫొటో 13 అంగుళాలకు పైగా పొడవుండే అచ్చుకు సరిపోతుంది. పొడవు 1600 చుక్కలకు దిగిపోయిన ప్రతి 5 అంగుళాలు దాటితే తడబడుతుంది. గోడకు పెట్టుకోవలసిన ఫొటో అరచేతి కొలతకు దిగిపోతుందన్న మాట.

అసలు ఫైలును ఉన్నది ఉన్నట్టు తీసుకువెళ్లే దారులకు కొదవ లేదు. కేబులు పెట్టి కంప్యూటరులోకి దించుకుని అక్కడి నుంచి కొత్త ఫోనులోకి ఎక్కించడం, ఫోనుకు నేరుగా తగిలించే పెన్ డ్రైవ్, మెమరీ కార్డు, ఆండ్రాయిడ్ ఫోన్ల మధ్య క్విక్ షేర్, ఆపిల్ పరికరాల మధ్య ఎయిర్‌డ్రాప్, ఇవేవీ నాణ్యత తగ్గించడానికి ఫొటోను కుదించవు. బ్లూటూత్ కూడా కుదించదు, కానీ దాని నడక నత్తనడక. సెకనుకు 2 మెగాబిట్లు (8 మెగాబిట్లయితే ఒక మెగాబైటు) అందుతాయనుకుంటే, ఒక్కొక్కటి 4 మెగాబైట్లుండే 5,000 ఫొటోలకు, అంటే 20 గిగాబైట్లకు, దాదాపు 22 గంటలు పడుతుంది. కేబులు మీద సెకనుకు 30 మెగాబైట్లు అందినా అదే పని పదకొండు, పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది. నాలుగు ఫొటోలకైతే ఏ దారైనా ఒకటే. ఇల్లంతా సర్దుకుని మారుతున్నప్పుడు మాత్రం కేబులును మించింది లేదని నా అభిప్రాయం.

సందేశాల యాప్‌లను పూర్తిగా తప్పుపట్టడం కూడా న్యాయం కాదు. వాటి పని ఫొటోను త్వరగా, తక్కువ డేటాతో చూపించడం. భద్రపరచడం వాటి పని అని మనమే అనుకున్నాం. పైగా వాటిలోనే మరొక తలుపు ఉంది. వాట్సాప్‌లో ఫొటో గుర్తు నొక్కి పంపితే కుదింపు జరుగుతుంది. 2023లో వచ్చిన హెచ్‌డీ ఎంపిక ఆ కుదింపును తగ్గిస్తుందే కాని పూర్తిగా తీసివేయదు. అదే ఫొటోను డాక్యుమెంట్ అన్న దారిన పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టు వెళుతుంది. 2022 నుంచి ఒక్కొక్క ఫైలు 2 గిగాబైట్ల వరకు ఉండవచ్చు. టెలిగ్రామ్‌లోనూ ఫైలుగా పంపే ఏర్పాటు ఉంది. ఫొటోలు ఎక్కువగా ఉంటే జిప్ చేసి ఒకే మూటగా పంపడం ఇంకా నయం, ఆ మూటను విప్పి లోపలి బొమ్మలను మార్చే పని ఏ యాప్ పెట్టుకోదు. తెర మీద ఫొటో తెరిచి స్క్రీన్‌షాట్ తీసి పంపేవారు కూడా ఉన్నారు. అది ఫొటో కాదు, ఫొటోకు తీసిన ఫొటో.

అన్నిటికన్నా ఎక్కువ మంది మోసపోయేది క్లౌడ్ దగ్గర, అంటే ఇంటర్నెట్‌లో ఫొటోలు దాచుకునే చోట. గూగుల్ ఫొటోస్‌లో ఒరిజినల్ క్వాలిటీ, స్టోరేజ్ సేవర్ అనే పద్ధతులున్నాయి. రెండవది ఎంచుకుంటే ఫొటోలు కుదింపుకు గురవుతాయి, 16 మెగాపిక్సెళ్లు దాటినవి ఆ మేరకు తగ్గిపోతాయి. ఉచితంగా దక్కే చోటు 15 గిగాబైట్లే కనుక అది త్వరగా నిండకూడదని రెండవదాన్ని ఎంచుకునేవారు ఎక్కువ. అందులో తప్పేమీ లేదు, అసలు ఫొటోలు ఫోనులో ఉన్నంత వరకు. చిక్కు తరువాతి అడుగులో వస్తుంది. కొన్నాళ్లకు ఫోను నిండిపోతుంది. చోటు ఖాళీ చేయమంటారా అని యాప్ అడుగుతుంది. సరే అని నొక్కగానే బ్యాకప్ అయిన ఫొటోలు ఫోనులోంచి తొలగిపోతాయి. ఆ క్షణాన తొలగినవి అసలువి, క్లౌడ్‌లో మిగిలినవి తగ్గించినవి. ఆ తరువాత కొత్త ఫోనులో లాగిన్ కాగానే ఫొటోలన్నీ వరుసగా ప్రత్యక్షమవుతాయి కనుక ఏదైనా పోయిందన్న అనుమానం కలగనే కలగదు.

ఐఫోన్లలో ఈ చిక్కు మరో రూపంలో ఉంటుంది. ఐక్లౌడ్ ఫొటోస్ వాడుతూ ఆప్టిమైజ్ ఐఫోన్ స్టోరేజ్ అన్న ఎంపిక పెట్టుకుంటే, చోటు తగ్గినప్పుడు అసలు ఫొటోలు ఐక్లౌడ్‌లో ఉండి, ఫోనులో చిన్న ప్రతులు మాత్రమే మిగులుతాయి. ఇక్కడ అసలువి పోవు, ఉన్న చోటు మారుతుంది. అది తెలియక, కేబులు తగిలించి దించుకున్నాం కాబట్టి ఇక నిశ్చింత అనుకుంటే పొరపాటు. ముందు ఆ ఎంపికను మార్చి, అసలు ఫొటోలు పూర్తిగా ఫోనులోకి దిగేదాకా ఆగాలి. ఇంకొకటి: 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లు ఫొటోలను జేపెగ్‌కు బదులు హైక్ (HEIC) అనే మరో పద్ధతిలో దాస్తున్నాయి. కంప్యూటరుకు పంపే సెట్టింగు ఆటోమేటిక్ అని ఉంటే అవి దారిలో జేపెగ్‌గా మారవచ్చు. మారడమంటే మళ్లీ మూట కట్టడమే. కీప్ ఒరిజినల్స్ అని పెట్టుకుంటే ఆ మార్పు జరగదు. లైవ్ ఫొటోలు, అంటే చిన్న వీడియోతో కలిసి ఉండే ఫొటోలు, వేరే రకం ఫోనులోకి వెళ్లినప్పుడు కదలిక పోయి నిశ్చల చిత్రం ఒక్కటే మిగలడం కూడా మామూలే. ఆ చిన్న వీడియో విడి ఫైలు కనుక దాన్ని విడిగా తెచ్చుకోవాలి.

నాణ్యత అనగానే అందరూ చుక్కల గురించే ఆలోచిస్తారు కానీ, ఫొటోతో పాటు కంటికి కనిపించని మరికొంత సమాచారం ప్రయాణిస్తుంది. ఏ రోజు, ఏ సమయాన, ఏ కెమెరాతో, లొకేషన్ ఆన్‌లో ఉంటే ఎక్కడ తీశారో కూడా ఫైలులోనే రాసి ఉంటుంది. ఫొటోను కుదించే సందేశాల యాప్‌లు సాధారణంగా దీన్ని తుడిచేస్తాయి. అందువల్ల పదేళ్ల ఫొటోలు కొత్త ఫోనులో ఒకే తారీఖు కింద, మనం పంపిన రోజు కింద, కుప్పగా పడతాయి. పసిబిడ్డ మొదటి అడుగు ఫొటో పక్కనే అదే బిడ్డ బడికి వెళుతున్న ఫొటో ఉంటుంది, రెండింటికీ తారీఖు ఒకటే. వెనక ఏ వివరమూ రాయని పాత ఆల్బం కూడా ఇంతకన్నా నయం, అందులో కనీసం అంటించిన వరుస ఉంటుంది. ఇదే సమాచారానికి రెండో ముఖం కూడా ఉంది సుమా. అసలు ఫైలును పరిచయం లేనివారికి పంపితే మన ఇల్లు ఎక్కడుందో కూడా పంపినట్టే కావచ్చు. ఇంటివారికి అసలుది, బయటివారికి లొకేషన్ తీసేసినది, ఈ విచక్షణ అవసరం.

పాత ఫోనును చెరపబోయే ముందు చేయవలసిన పరీక్ష పది నిమిషాల పని. రెండు ఫోన్లలోనూ ఒకే ఫొటో తెరిచి, వివరాలు చూసి, చుక్కల కొలత, ఫైలు పరిమాణం, తీసిన తారీఖు మూడూ సరిపోతున్నాయా అని చూడాలి. 4032, 3024 అన్న అంకెలు అటూ ఇటూ ఒకటిగా ఉండి, ఒక దాని పరిమాణం 4 మెగాబైట్లు, రెండవది అరమెగాబైటు అయితే మధ్యలో ఎవరో చెయ్యి పెట్టారని అర్థం. ఒక్క ఫొటోతో తృప్తి పడకుండా అన్నిటికన్నా పాతది ఒకటి, దిద్దినది ఒకటి, వీడియో ఒకటి తప్పక చూడాలి. తేడాలు ఎక్కువగా దొరికేది వీటిలోనే. ఆ తరువాత కూడా పాత ఫోనును ఒక నెల చెరపకుండా ఉంచగలిగితే మంచిది.

పోయిన వివరాన్ని తిరిగి రప్పిస్తామనే యాప్‌ల గురించి కూడా ఒక మాట. అవి రప్పించవు, ఊహించి గీస్తాయి. ఆ పెద్దాయన ఫొటోను నేనూ అలాంటి దానిలో వేసి చూశాను. కనుబొమ్మలు నిజంగానే వెంట్రుక వెంట్రుకగా వచ్చాయి. ఆయన ఫొటోను చాలాసేపు చూసి, "బాగుంది కానీ ఈవిడెవరో" అన్నారు. చివరకు మసకగా ఉన్నదాన్నే చిన్న కొలతలో అచ్చు వేసి ఇచ్చాను.

మీకు నా విన్నపం ఒక్కటే. పత్రికలు పాఠకుల నుంచి ఫొటోలు కోరేటప్పుడు వాట్సాప్ నంబరు ఇవ్వడం ఇప్పుడు మామూలైంది. ఆ నంబరు పక్కన "ఫొటోను డాక్యుమెంట్‌గా పంపండి, లొకేషన్ తీసివేసి పంపండి" అన్న ఒక్క వాక్యం మీ పత్రికలో అచ్చు వేయించగలరు. సాంకేతిక శీర్షికలో ఫొటోల మార్పిడి గురించి రాసినప్పుడల్లా, ఆ పద్ధతిలో ఫైలు యథాతథంగా వెళుతుందా, కుదింపుకు గురవుతుందా అన్నది యాప్ పేరు పక్కనే రాయమని ఆ శీర్షిక నిర్వాహకులకు సూచించగలరు.

ఇట్లు,
మీ పాఠకుడు