బాలికల హైస్కూలు సరే, ఆ తర్వాత ఏ గ్రూపు?

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను ఇరవై ఆరేళ్లుగా లెక్కల టీచర్ని. మొదటి పదకొండేళ్లు జిల్లా పరిషత్ బాలికల ఉన్నత పాఠశాలలో చేశాను, ఆ తర్వాత ఇప్పటిదాకా ఆడా మగా కలిసి చదివే హైస్కూళ్లలోనే. ఆడపిల్లలకు విడిగా బడి ఉంటేనే బాగా చదువుతారని కొందరు, ఈ రోజుల్లో కూడా విడగొట్టడం ఏంటని ఇంకొందరు వాదించుకోవడం స్టాఫ్ రూములోనూ, వాట్సాప్ గ్రూపుల్లోనూ ఎన్నోసార్లు విన్నాను. రెండు చోట్లా పాఠం చెప్పినదాన్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను, కొంచెం పొడుగైనా వేయమని మనవి.

బాలికల బడిలో ఏముందో అక్కడ ఉన్నన్నాళ్లూ నాకు తెలియలేదు, బదిలీ అయ్యాకే తెలిసింది. అక్కడ బెంచీలు మోసేది ఆడపిల్లలు, బెల్లు కొట్టేది వాళ్లే, ఆగస్టు 15కి జెండా తాడు కట్టేది, మైకు సరిచేసేది, ల్యాబ్‌లో స్పిరిట్ దీపం వెలిగించేది అన్నీ వాళ్లే, ఎందుకంటే చేయడానికి ఇంకెవరూ లేరు. కొత్త బడికి వచ్చిన మొదటి ఏడాది సైన్స్ ఫెయిర్ జరిగింది. వైర్లు కలిపి మోటారు తిప్పింది అబ్బాయిలు, చార్టు మీద ముత్యాల్లాంటి అక్షరాలు రాసింది అమ్మాయిలు. పనులు అలా పంచుకోమని వాళ్లకి ఎవరూ చెప్పలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఇందులో నా తప్పు కూడా ఉంది. బోర్డు మీద లెక్క వేసి జవాబెంత అని అడిగితే వెనక బెంచీల నుంచి నలుగురైదుగురు అబ్బాయిలు ఒక్కసారే అరిచేసేవాళ్లు, నేను వెరీ గుడ్ అని తర్వాతి లెక్కకి వెళ్లిపోయేదాన్ని. సగం క్లాసు నోరే తెరవడం లేదని ఏడాది దాకా నాకు తట్టలేదు. యూనిట్ టెస్టులో ఎప్పుడూ పూర్తి మార్కులు తెచ్చుకునే అమ్మాయిని నువ్వెందుకు చెప్పవమ్మా అని అడిగితే, "నేను లేచేలోపే వాళ్లు చెప్పేస్తారు కద టీచర్" అంది. ఆ రోజు నుంచి రోల్ నంబరు పిలిచి అడగడం మొదలుపెట్టాను. అరిచే అలవాటు మానడానికి దసరా సెలవుల దాకా పట్టింది, కానీ మానింది. సంక్రాంతి నాటికి అమ్మాయిలు బోర్డు దగ్గరికి వచ్చి నా స్టెప్పులో తప్పు పట్టుకునేదాకా వచ్చారు.

అందుకే అబ్బాయిలు లేకపోతే చాలు మార్కులు వచ్చేస్తాయనే మాట నేను ఒప్పుకోను. 21 దేశాల్లో 16 లక్షల మంది పిల్లల మీద జరిగిన 184 అధ్యయనాలను కలిపి 2014లో పరిశీలించారు. పిల్లల ఇంటి పరిస్థితి, ముందు నుంచీ ఉన్న చదువు లాంటివి సరిచూసుకున్న అధ్యయనాల వరకు తీసుకుంటే విడి బడికీ కలిపిన బడికీ తేడా దాదాపు కనపడలేదు. దక్షిణ కొరియాలోని సియోల్‌లో పిల్లలకు హైస్కూళ్లను లాటరీ పద్ధతిలో కేటాయించిన రోజుల్లో చూస్తే, అక్కడ మాత్రం విడి బడుల పిల్లలు కొంత మెరుగ్గా చేశారు. అంటే ఇదే సరైనదని గుడ్డిగా చెప్పేంత తేలిక విషయం కాదు.

కానీ మన పల్లెల్లో ఆడపిల్లల బడి అవసరం వేరే. కేరళలో బాలల హక్కుల కమిషన్ 2022లో విడి బడులన్నీ కలిపేయమని ఆదేశించింది కదా, మనమూ కలిపేస్తే పోలేదా అంటారు. మా మండలంలో కలిపేస్తే కొన్ని ఇళ్లలో అమ్మాయి ఏడో తరగతితో ఆగిపోతుంది. 2004లో ఆడపిల్లలు హాస్టల్లో ఉండి చదువుకునే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు పెట్టింది ఇలాంటి పిల్లల కోసమే. ప్రహరీ గోడ, నీళ్లొచ్చే బాత్రూము, రాత్రి తోడుండే మేడమ్ ఉంటే, మిరప కోతలకు వలసపోయే తల్లి కూడా కూతుర్ని ధైర్యంగా వదిలి వెళ్తుంది.

నా అసలు బాధ పదో తరగతి తర్వాతది. పదిలో మన అమ్మాయిలు ఇప్పటికే ముందున్నారు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో అమ్మాయిలు 84.09 శాతం, అబ్బాయిలు 78.31 శాతం పాసయ్యారు. తెలంగాణలో 2024లో 93.23, 89.42. మరి వీళ్లంతా ఎటు పోతున్నారు? ఐఐటీల్లో అమ్మాయిలు పది శాతం కూడా లేకపోతే 2018 నుంచి అదనపు సీట్లు పెట్టి, 2020 నాటికి 20 శాతానికి తీసుకురావాల్సి వచ్చింది.

నాలుగేళ్ల కిందట నా దగ్గర చదివిన ఒకమ్మాయికి లెక్కల్లో 98 వచ్చాయి. ఎంపీసీ తీసుకుని ఇంజనీరింగ్ చేయాలని ఆశ. వాళ్ల నాన్న ఆడపిల్లల రెసిడెన్షియల్ కాలేజీ అయితేనే పంపిస్తానన్నాడు. దగ్గర్లో ఉన్నదానిలో బైపీసీ, ఒక ఒకేషనల్ కోర్సు తప్ప ఎంపీసీ లేదు. పట్నంలో ఉన్న కాలేజీకి రోజూ బస్సులో వెళ్లొస్తుంది పంపండన్నా అని నేను రెండుసార్లు ఇంటికెళ్లి బతిమాలాను. "మీరు చెప్పేది నిజమే మేడమ్, కానీ చీకటి పడ్డాక రోడ్డు మీద దిగి రెండు కిలోమీటర్లు నడిచి రావాలి, అది ఇల్లు చేరేదాకా నాకు టెన్షన్" అన్నాడు. ఆయన్ని నేను తప్పు పట్టలేకపోయాను. ఆ పిల్ల చివరికి ఆ దగ్గరి కాలేజీలో ఉన్న గ్రూపులోనే చేరింది. రెండేళ్ల తర్వాత వాళ్ల తమ్ముడికి పదిలో అక్క కంటే చాలా తక్కువ వచ్చినా అప్పు చేసి మరీ విజయవాడలో హాస్టల్లో పెట్టి ఎంపీసీ చదివించారు. దీన్ని మాత్రం నేను తప్పే అంటాను, ఆయనతో కూడా అదే అన్నాను.

అమ్మాయిలకు వేరే పాఠాలు, అబ్బాయిలకు వేరే పాఠాలు అక్కర్లేదని ఆడపిల్లల చదువు మీద వేసిన హంసా మెహతా కమిటీ 1960ల్లోనే చెప్పింది. అరవై ఏళ్లు గడిచాక కూడా ఆడపిల్లల కాలేజీలో ఏ గ్రూపు ఉందన్నదే ఆ పిల్ల ఏం కావాలో తేలుస్తుంటే ఎలా?

అధికారులను అడిగేది ఇంతే. ఇంటర్ ఉన్న ప్రతి కస్తూర్బా విద్యాలయంలో, ప్రతి బాలికల జూనియర్ కాలేజీలో ఎంపీసీ పెట్టండి, దానికి ఫిజిక్స్ ల్యాబ్, రెగ్యులర్ లెక్చరర్ ఇవ్వండి. సాయంత్రం కాలేజీ వదిలే వేళకు ఊళ్ల లోపలిదాకా వెళ్లే బస్సు ఒకటి వేయండి. వచ్చే జూన్‌లో మళ్లీ పది పాసైన పిల్లలు మార్కుల మెమోలు పట్టుకుని నా దగ్గరికి వస్తారు, ఏ గ్రూపు తీసుకోమంటారు టీచర్ అని అడుగుతారు.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్,
ప్రకాశం జిల్లా